డాక్టర్ సలహా: గ్రూపు సంగతి తర్వాత, ముందు ఆ ఆయాసం చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా మావయ్యగారికి 63 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజ్. ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ (క్యాన్సర్ కణాల జన్యువులో ఒక మార్పు) ఉందని ఏడాదిన్నరగా రోజూ జెఫిటినిబ్ మాత్ర వేసుకుంటున్నారు. జీవితంలో సిగరెట్ ముట్టని మనిషి. ఆసుపత్రి ఓపీలో ఇదే జబ్బున్న మరో ముగ్గురు తెలుగువాళ్లు పరిచయమయ్యారు. ఒకరిది హిందూపురం, ఒకరిది మదనపల్లె, ఇంకొకరు ఇక్కడే కేఆర్ పురం. నలుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే మాత్ర వేసుకున్నామని ఒకరికొకరు మెసేజ్ పెట్టుకుంటారు. కిందటి నెల కేఆర్ పురం ఆయన పోయారు. ఇన్ఫెక్షన్ భయంతో కడచూపుకు మావయ్యను పంపలేదు. అప్పటి నుంచి సరిగా తినడం లేదు. రెండో అంతస్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నారు, పది రోజులుగా పొడి దగ్గు. అడిగితే మనసు బాగోలేదంటారు. పోయినాయన భార్య మిగిలిన మాత్రలు తెచ్చి ఇచ్చి వెళ్లారు. ఆయన్ని ఆ గ్రూపు నుంచి తీసేయాలని మావారి పట్టుదల. మీరేమంటారు?

జవాబు: అమ్మా, మీరు అడిగింది గ్రూపు గురించి. దాని సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాటలు రెండే: మెట్ల మీద ఆగడం, పొడి దగ్గు. ఇవి కొత్తగా వచ్చాయి. దిగులు వల్ల ఆకలి పోతుంది, నిద్ర పోతుంది, ఒళ్లు బరువుగా ఉంటుంది. కానీ ఈ జబ్బున్న మనిషికి పది రోజులుగా దగ్గు, ఆయాసం ఉంటే దాన్ని దిగులు ఖాతాలో రాయకూడదు. పరీక్షలన్నీ అయ్యాక, ఏమీ లేదని తేలాక అప్పుడు రాద్దాం.

కారణాలు చాలా ఉండొచ్చు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉండొచ్చు. మామూలు న్యుమోనియా కావచ్చు. రక్తం తక్కువై ఉండొచ్చు. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు, క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఇది మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఒక పిక్క వాచిందేమో, నొక్కితే నొప్పి ఉందేమో ఈ రాత్రే చూడండి. జబ్బు మళ్లీ కదిలి ఉండొచ్చు. జెఫిటినిబ్ చాలామందిలో ఏడాది అటూ ఇటూగా పనిచేసి తర్వాత పట్టు కోల్పోతుంది, కొందరికి ఇంకా ఎక్కువ కాలం నడుస్తుంది. ఇక అరుదైనదే అయినా నేను మొదట కాదని తేల్చుకోవాలనుకునేది మరొకటి ఉంది: ఈ మాత్ర వల్లే ఊపిరితిత్తుల్లో వచ్చే వాపు. అది సరిగ్గా ఇలాగే, పొడి దగ్గుతో, కొత్త ఆయాసంతో మొదలవుతుంది.

అందుకే రేపటి మాత్ర వేసుకునే ముందే మీ ఆంకాలజిస్టుకు, అంటే క్యాన్సర్ డాక్టరుకు, ఫోన్ చేయండి. మాత్ర కొనసాగించాలా, పరీక్ష అయ్యేవరకు ఆపాలా అన్నది ఆయన చెప్పాలి. మనిషిని చూడకుండా ఇక్కడ నుంచి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఇంట్లో పల్స్ ఆక్సిమీటర్ ఉంటే కూర్చోబెట్టి ఒకసారి, హాల్లో నాలుగైదు నిమిషాలు మెల్లగా నడిపించి ఒకసారి చూడండి. కూర్చున్నప్పుడే ఆయాసంగా ఉంటే నడిపించకండి. 94 కంటే తక్కువ చూపినా, నడిచాక బాగా పడినా, దగ్గులో రక్తం కనిపించినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మొహం ఉబ్బినట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. మీటరు 97 చూపించినా సరే, రేపు చూపించడం మానొద్దు.

ఇప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు. పేరు మీరు రాయలేదు. రాసినా నా జవాబు మారదు. వేయకండి. ఇప్పటికే ఒకటో రెండో వేసుకుని ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆయన తిడతారు, పడండి.

ఆ తల్లి మంచి మనసుతోనే ఇచ్చింది. భర్త పోయిన నెలలోపే ఆయన స్నేహితుడి కోసం బస్సెక్కి వచ్చింది. పైగా ఈ మందుల ఖరీదు ఎంతో కొన్నవాళ్లకే తెలుసు. ఈ జబ్బుకే వాడే మరో మాత్ర ఒసిమెర్టినిబ్ మీద కేంద్రం 2024 బడ్జెట్‌లో దిగుమతి సుంకం ఎత్తేసింది, అయినా మామూలు కుటుంబానికి అది ఇంకా మోయలేని బరువే. అలాంటి మాత్రలు చెత్తబుట్టలో వేయాలంటే ఎవరికైనా చేయి రాదు. కానీ ఒకే ఓపీ, ఒకే స్టేజ్, ఒకే క్యూ అయినంత మాత్రాన జబ్బు ఒకటి కాదు. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అడినోకార్సినోమా అనే రకం వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు, లేదా కాస్త ఎక్కువ మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. ఇంకొందరిలో ఏఎల్‌కే అనే వేరే మార్పు ఉంటుంది, దాని మందు మీ మావయ్యగారికి పనికిరాదు. పోనీ అది ఒసిమెర్టినిబ్ అనే అనుకుందాం. మీ మావయ్యగారికి తర్వాత ఇవ్వాల్సిన మందు కూడా అదే కావచ్చు! అయినా జబ్బు కదిలిందని స్కాన్‌లో తేలాలి, రక్తంలోనో ముక్క తీసో టీ790ఎం అనే మార్పు ఉందేమో చూడాలి. ఆ మార్పు సుమారు సగం మందిలోనే దొరుకుతుంది. ఈసీజీ తీయాలి. ఊపిరితిత్తుల వాపు ఆ మందుకీ ఉంది. ఇవేవీ లేకుండా రెండు మాత్రలు కలిపి మింగి వస్తే, ఆయాసం దేనివల్లో తేల్చడం మాకు తలకు మించిన పని అవుతుంది.

కొన్నేళ్ల కింద నా దగ్గరికి ఒక రిటైర్డ్ బస్ కండక్టర్ వచ్చేవారు, ఇదే జబ్బు. ఒకసారి వక్కపొడి డబ్బా మూత తీసి టేబుల్ మీద బోర్లించారు. పది పన్నెండు తెల్లటి చిన్న మాత్రలు, మీద రేపర్ లేదు. పక్క బెడ్ స్నేహితుడు ఇచ్చాడట, వేసుకున్న రోజు నుంచి ఆకలి బ్రహ్మాండంగా ఉందట, ఆయాసం కూడా తగ్గిందట. స్టెరాయిడ్ అయి ఉంటుందని అప్పుడే అనుమానం వచ్చింది. అప్పటికి మూడు వారాలైంది, షుగర్ 400 దాటింది, నోరంతా పూత. స్నేహితుడి మీద ఒక్క మాట పడనివ్వలేదు ఆయన. నేనూ అనలేదు. నాకు కోపం వచ్చింది వేరే విషయానికి: ఆ మూడు వారాల్లో రెండుసార్లు నా దగ్గరికి వచ్చి కూడా ఆ డబ్బా సంగతి చెప్పలేదు. మీ ఇంట్లోనూ ఒకసారి డబ్బాలు వెతకండి. ముఖ్యంగా గ్యాస్ మాత్ర. పరగడుపున పాంటాప్రజోల్ వేసుకోవడం మన వాళ్లకు కాఫీలా అలవాటైపోయింది. అది జెఫిటినిబ్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. గ్రూపులో ఎవరైనా లక్ష్మణఫలం ఆకు కషాయం లాంటివి చెప్పి ఉంటే, మొదలుపెట్టి ఉంటే, అదీ డాక్టరుకు చెప్పాలి.

ఇక గ్రూపు. తీసేయకండి. మీ ఆయన భయం నాకు అర్థమైంది, ఒకరు పోతే మిగతావాళ్లు తమ వంతు లెక్కపెట్టుకుంటారని. లెక్కపెట్టుకుంటారు కూడా. కానీ ఫోన్‌లో గ్రూపు తీసేస్తే ఆ లెక్క ఆగదు, ఒంటరిగా చేసుకుంటారు, అంతే. మా ఓపీ బయట రోజూ చూస్తుంటాను. ఒకాయన ఫైలు ఇంకొకాయన ఒళ్లో ఉంటుంది, ఎక్స్‌రేకి వెళ్లి వచ్చేవరకు. టిఫిన్ డబ్బా మూత మీద చింతపండు పులిహోర నలుగురికీ తిరుగుతుంది. ఇంకో మాట. ఈ జబ్బు పేరు చెప్పగానే చుట్టాలందరూ మొదట అడిగేది సిగరెట్ తాగేవారా అనే. ఎన్నడూ ముట్టని మనిషి ఆ జవాబు ఎన్నిసార్లు చెప్పుకోవాలి? ఆ ముగ్గురు మాత్రం అడిగి ఉండరు. పొద్దున్నే మాత్ర వేసుకున్నానని మెసేజ్ పెట్టుకోవడం చూడటానికి చిన్న విషయం. రోజు తప్పకూడని మందు ఏడాదిన్నరగా తప్పకుండా సాగిందంటే అందులో ఆ గ్రూపు వంతు ఉంది. గోరు చుట్టూ పుండు, మొహం మీద మొటిమల్లాంటి పొక్కులు, విరేచనాలు, ఇవన్నీ మాకంటే ముందు వాళ్లకే చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, మాకూ చెప్పమనండి.

కడచూపుకు పంపకపోవడం గురించి ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఇన్ఫెక్షన్ భయం తప్పు కాదు. అయినా మాస్కు పెట్టి, గుంపుకు దూరంగా, పది నిమిషాలు తీసుకెళ్లి ఉండొచ్చు. ఇప్పుడు ఆయన మనసులో స్నేహితుడు పోయిన బాధ ఒకటే లేదు, వెళ్లలేకపోయానన్న బాధ కూడా ఉంది.

నిద్ర లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలు దాటినా, నేనుండి ఎవరికి లాభం లాంటి మాట నోట వచ్చినా డాక్టరుకు చెప్పండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబర్ 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. ఆత్మహత్య మాట ఎత్తితే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికే తీసుకెళ్లండి. పాలియేటివ్ కేర్ గురించి, అంటే నొప్పి, ఆయాసం, దిగులు లాంటి బాధలు తగ్గించే వైద్యం గురించి కూడా అడగండి. ఆ పేరు వినగానే ఇంట్లోవాళ్లు ఏడుస్తారు, ఆఖరి రోజులకే అనుకుంటారు. 2010లో బోస్టన్ డాక్టర్లు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో చూశారు: మామూలు వైద్యంతోపాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లలో డిప్రెషన్ తక్కువగా ఉంది, మధ్యస్థ ఆయుర్దాయం కూడా 8.9 నెలల నుంచి 11.6 నెలలకు పెరిగింది. అప్పటికి ఇన్ని మాత్రలు లేవు, కాబట్టి ఆ నెలల లెక్క మీ మావయ్యగారికి వేయకండి. మీకు దగ్గర్లోనే ఇలాంటి వైద్యం అందించే కరుణాశ్రయ ఉంది, అక్కడ డబ్బు తీసుకోరు. వివరాలు మీ ఆంకాలజిస్టును అడగండి.

రేపు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్పు కూడా సంచిలో వేసుకోండి. ఏం చేయాలో అక్కడి ఫార్మసీవాళ్లు చెబుతారు. మావయ్యగారి ఆయాసం దేనివల్లో తేలి, కాస్త కుదుటపడ్డాక, డాక్టరు సరేనంటే, కేఆర్ పురం వాళ్లింట్లో వచ్చే మాసికానికి తీసుకెళ్లండి. లిఫ్టు ఉందో లేదో ముందే కనుక్కోండి.