యానిమేషన్ ఫీజు కట్టేముందు మీ వాడి పని ఒకసారి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ డిప్లొమా చేస్తానంటున్నాడు. టీవీ చానళ్లలో గ్రాఫిక్స్ ఉద్యోగాలు వస్తాయని, వంద శాతం ప్లేస్‌మెంట్ అని చెబుతున్నారు. మా అన్నయ్య పిల్లలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డారు. ఈ డిప్లొమా, డిజైన్ డిగ్రీ, బీటెక్ మూడింటినీ పోల్చి చెప్పగలరు. జీతం ఎంత ఉంటుంది?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: పోలుస్తాను గానీ, ముందు ఒక మాట. మీ ఉత్తరంలో ర్యాంకు ఉంది, జీతం ఉంది, అన్నయ్యగారి పిల్లలు కూడా ఉన్నారు. మీ వాడు చేసిన పని గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. బొమ్మలు వేస్తాడా? వీడియోలు ఎడిట్ చేస్తాడా? లేక లెక్కలు తప్పించుకోవడానికి ఇది దొరికిందా? అది తెలుసుకోకుండా ఫీజుల దాకా ఎలా వెళ్లారండీ? ఇంజినీరింగ్ సీటు రానివాళ్ల కోసం పెట్టిన కోర్సు కాదిది.

ప్లేస్‌మెంట్ సంగతి. చాలాచోట్ల ఆ మాటకి ఇంటర్వ్యూకి పంపిస్తామని మాత్రమే అర్థం. కిందటి బ్యాచ్ పిల్లల షోరీల్స్, అంటే వాళ్లు చేసిన పనుల చిన్న వీడియోలు, చూపించమనండి, వాళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడించమనండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

యానిమేషన్, వీఎఫ్ఎక్స్ (సినిమాల్లో కంప్యూటర్‌తో చేసే దృశ్య మాయలు) మీద ఇప్పుడున్న మోజు చూస్తే నాకే భయంగా ఉంది. మన దేశానికి వచ్చే పెద్ద పని చాలావరకు విదేశీ సినిమాలదే. 2023లో హాలీవుడ్‌లో రచయితలు, నటులు సమ్మె చేస్తే ఆ దెబ్బ ఇక్కడి స్టూడియోలకీ తగిలింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే విదేశీ వీఎఫ్ఎక్స్ సంస్థ కూలిపోయినప్పుడు బెంగళూరు, ముంబైలలో పనిచేస్తున్నవాళ్లు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. పైగా కొత్తవాళ్లకి మొదట దొరికేది రోటో, అంటే ఫ్రేము ఫ్రేముకీ మనిషి అంచు వెంట గీత గీసి వేరుచేసే పని. సరిగ్గా దాన్నే ఇప్పుడు ఏఐ టూల్స్ తినేస్తున్నాయి. ఈ సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు.

టీవీ గ్రాఫిక్స్ కాస్త వేరు. లోయర్ థర్డ్ (తెర కింది భాగంలో పేరు, వివరాలు చూపే పట్టీ), బ్రేకింగ్ ప్లేట్ (బ్రేకింగ్ న్యూస్ పట్టీ), ఎన్నికల రోజు సీట్ల లెక్కల డిజైన్ వంటివి ముందే టెంప్లేటుగా తయారుచేసి పెట్టుకుంటారు. వార్త రాగానే అందులో అక్షరాలు నింపేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. టెంప్లేటు తయారుచేయగలవాడే తక్కువ. అందులోనూ తెలుగు అక్షరం మీద శ్రద్ధ ఉన్నవాడు మరీ తక్కువ. సెట్టింగ్ సరిగా లేకపోతే ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది, అది అలాగే తెర మీదకి వెళ్లిపోతుంది. అది కంటికి ఆనే కుర్రాడికి ఎక్కడైనా విలువ ఉంటుంది. అయితే తెలుగు చానళ్ల ప్రధాన కార్యాలయాలు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నాయి. విశాఖలో ఉండేది రిపోర్టర్లు, కెమెరామెన్లు. నైట్ షిఫ్టులు తప్పవు, మొదట్లో జీతం మీ అన్నయ్యగారి పిల్లల జీతానికి దరిదాపుల్లో కూడా ఉండదు.

ఇక పోలిక. సీటు వస్తే డిజైన్ డిగ్రీయే మేలు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, ఇంటి దగ్గర ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ, అంటే లలిత కళల డిగ్రీ, ఉంది. పరీక్షల వివరాలు మీ వాడికి నాకంటే బాగా తెలుసు. బీటెక్ వాడికి ఇష్టమైతేనే. డిప్లొమా ఆఖరిది. అదీ నెలనెలా ఫీజు కట్టించుకునే చిన్న కోర్సయితేనే.

టెన్షన్ పడకండి. ఇంటర్ అయిన కుర్రాడికి ఒక ఏడాది పోతే కొంప మునగదు. మీ అన్నయ్యగారికి జవాబు చెప్పాల్సిన బాధ్యత వాడికి లేదు, మీకూ లేదు. నాకు ఉత్తరం రాసేంతగా వాడి గురించి ఆలోచిస్తున్నారు, అదే సగం పని. మిగతా సగం వాడి పక్కన కూర్చోవడం.

ఈ నెల వాడికి ఒక పని అప్పగించండి. యానిమేషన్‌కి బ్లెండర్, వీడియో ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. విశాఖ వార్తలకి పది సెకన్ల టైటిల్ చేయమనండి. మన టీవీ లెక్కన సెకనుకి 25 చొప్పున 250 ఫ్రేములు. బాగా రాకపోయినా ఫరవాలేదు. బాగోలేదని తనంతట తనే చెరిపి మళ్లీ చేస్తున్నాడా అన్నది చూడండి. చేస్తుంటే డిజైన్ పరీక్షలకి చదివించండి. మూడోరోజుకే వదిలేస్తే ఫీజు డబ్బులు మిగిలాయనుకోండి.

ఈలోపు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్ చేసి శనివారంతో డిస్కౌంట్ అయిపోతుందంటారు. పై శనివారం కూడా అదే డిస్కౌంట్ ఉంటుంది.