పెద్ద పంపు వద్దు, అక్యుములేటర్ పెట్టండి

కుళాయి కొంచెం తిప్పితే ఆర్వీ (ఇల్లులా వాడుకునే ప్రయాణపు బండి) నీళ్ల పంపు టకటకమని ఆగి ఆగి కొట్టుకుంటోంది, పెద్దది కొననా అని అడిగారు కదా, వద్దండి, డబ్బు దండగ. ఆ 12 వోల్టుల పంపు ఒత్తిడి నిండగానే ఆగుతుంది, కాస్త తగ్గగానే మళ్లీ లేస్తుంది, అదే గోల. పంపు తర్వాత లైన్‌లో చిన్న అక్యుములేటర్ ట్యాంకు బిగించండి, లోపల రబ్బరు పొర వెనక గాలి ఉంటుంది కాబట్టి గ్లాసుడు నీళ్లు పంపు లేవకుండానే వస్తాయి. అందులో గాలి మాత్రం లైన్‌లో నీళ్ల ఒత్తిడి పూర్తిగా దింపేసి, టైరు గేజీతో చూసి, పంపు లేచే ఒత్తిడి కన్నా రెండు మూడు పీఎస్‌ఐ తక్కువ పెట్టాలి, నేనిది చూసుకోక వారం రోజులు పంపునే తిట్టుకున్నాను. కుళాయిలన్నీ కట్టేసినా లేస్తోందంటే అది వేరే కథ, ఎక్కడో లీకు, లేదా నీళ్లు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ పోయినట్టు. బయటి కుళాయి నీళ్ల ఒత్తిడి తగ్గించే ప్రెషర్ రెగ్యులేటర్ కూడా కొనండి, క్యాంప్‌గ్రౌండ్ (బండి ఆపుకునే చోటు) కుళాయికే బిగించండి, బండి వైపు పెడితే మధ్యలో ఉన్న గొట్టం ఆ ఒత్తిడికి పగలొచ్చు.