వేలిముద్ర చెరగక ముందే

చిరంజీవి మాధవికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న నీ రొమ్ము క్యాన్సరు కబురు విని ఫోనులో ధైర్యం చెప్పానే గాని, చెప్పవలసిన సంగతులు చెప్పలేదని రాత్రి తోచింది. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ముప్ఫై రెండేళ్లు బ్యాంకులో పనిచేసి, ఆ తరువాత పెద్దపేగు క్యాన్సరుకు చికిత్స పొందినవాణ్ణి కాబట్టి, నేను రాసేది సంతకాలు, సెలవులు, కాగితాల గురించి మాత్రమే.

కేపసైటబిన్ అనే క్యాన్సరు మాత్రలు మొదలుపెట్టిన నాలుగో నెలకు నా అరచేతుల చర్మం ఎర్రబడి, పొరలుగా ఊడి, వేలి గీతలు నున్నగా అరిగిపోయాయి. పింఛను కోసం బతికే ఉన్నానని వేలిముద్ర వేసి జీవన్ ప్రమాణ్ పత్రం ఇవ్వబోతే, ఎదురుగా కూర్చున్న నేను నేనే అని యంత్రం ఎంతకూ ఒప్పుకోలేదు. ఆ మందును రొమ్ము క్యాన్సరులోనూ వాడతారు. అందరికీ ఇలా జరగదు. జరిగినా, మందు ఆపాక చాలామందికి గీతలు తిరిగి వస్తాయి. అయినా నీ ఆధార్‌లో కనుపాప వివరాలు, ఇప్పటి ఫోను నంబరు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకో. వేలిముద్ర పడని రోజున కనుపాపో, ముఖమో, ఓటీపీయో ఆదుకుంటుంది.

సంతకం సంగతీ అంతే. నీది కుడివైపు గడ్డ. ఆపరేషనులో చంకలోని గ్రంథులు తీస్తే ఆ చేయి వాచే అవకాశం ఉంటుంది, రాత మారవచ్చు. సంతకం కలవలేదని ఎందరి చెక్కులు నేనే వెనక్కి పంపానో తలచుకుంటే ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది. అందుచేత నీ బ్యాంకు ఖాతాలో మీ ఆయన పేరు చేర్పించి, ఇద్దరిలో ఎవరు సంతకం చేసినా చెల్లేలా రాయించు. నీ తరఫున మరొకరు సంతకం పెట్టేందుకు ఇచ్చే అధికారపత్రం, అదే జీపీఏ, ఉంటే చాలునని ఎవరైనా అంటే నమ్మకు; ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోయినా, మరణించినా మామూలుగా దాని చెల్లుబాటు పోతుంది. కదలలేని స్థితి వస్తే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి దస్తావేజు రిజిస్టరు చేసే వీలు మాత్రం చట్టంలోనే ఉంది.

ఇక ఉద్యోగం. ఎవరు ఎంత మెత్తగా అడిగినా రాజీనామా రాయకు. నీ జీతంలో ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, కోత ఉన్నది గనుక జబ్బు సెలవులో మొదటి 91 రోజులకు వేతనంలో 70 శాతం వస్తుంది. రెండేళ్ల ఉద్యోగం నిండి, ఆ కాలంలో 156 రోజులకైనా చందా పడి ఉంటే, క్యాన్సరు వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకూ పొడిగించే అవకాశం ఉంది. ఆ అనారోగ్య భత్యం తీసుకుంటున్న కాలంలో యజమాని ఉద్యోగిని తొలగించడానికి వీల్లేదని 2025 నవంబరు దాకా అమలులో ఉన్న ఈఎస్ఐ చట్టంలోని 73వ సెక్షను చెప్పేది.

వికలాంగుల ధ్రువపత్రం కోసం ఇప్పుడే తిరగనక్కరలేదు. 2016 చట్టంలోని 21 వైకల్యాలలో క్యాన్సరు లేదు. స్వరపేటిక తీసివేయడం వల్ల మాట పోవడం వంటి శాశ్వత నష్టాన్నే అది లెక్కలోకి తీసుకుంటుంది.

ఆరోగ్య బీమా ప్రీమియం ఒక్క వాయిదా కూడా తప్పనివ్వకు. పాలసీ రద్దయి కొత్తది తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఖర్చు చెల్లించకుండా ఆగమనే అధికారం కంపెనీకి ఉంటుంది. హైదరాబాదు ప్రయాణాలకు రైల్వే నమూనాలో ఆసుపత్రి ధ్రువపత్రం తీసుకుంటే స్లీపరులోనూ, థర్డ్ ఏసీలోనూ నీకు ఛార్జీ ఉండదు, తోడు వచ్చేవారికి 75 శాతం తగ్గుతుంది.

బయాప్సీ నివేదిక నకళ్లు అయిదు తీయించి ఉంచు. శనివారం నేను వస్తాను. ఈఎస్ఐ ఫారాలు ఇద్దరం కూర్చుని నింపుదాం.

మీ మామయ్య