బెంగళూరులో నా పేరు మీద లేడీస్ పీజీ పెడదామంటున్నారు మా ఆయన. పేరు నాదైతే వ్యాపారం నాదైనట్టేనా?

ప్రశ్న అడిగిన చెల్లెలికి,

"అంతా ఆయనే చూసుకుంటారు, నేను సంతకాలు పెడితే చాలంట" అని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. 2016లో మదనపల్లె నుంచి బెంగళూరు మారతహళ్లికి మూటాముల్లె సర్దుకుని వచ్చినప్పుడు మా అమ్మతో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. అదీ కాస్త గొప్పగా.

మాదీ లేడీస్ పీజీయే, నాలుగంతస్తుల బిల్డింగు. 22 రూములు, 58 బెడ్లు. ఓనరుకు పది లక్షలు అడ్వాన్సు కడితే అందులో ఆరు లక్షలు నా బంగారం కుదువ పెట్టి తెచ్చినవే. ఆ బంగారం సంగతి కూడా చెప్పాలి. మా నాన్న పొలమంతా అన్నకు ఉంచి, పెళ్లిలో నాకు నగలు పెట్టాడు. ఎన్టీఆర్ హయాంలోనే, 1986లో, ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఉందని చట్టం తెచ్చారు. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. మా ఇంట్లో మాత్రం ఆ చట్టం ఒక్క పనికే అక్కరకొచ్చింది: "నాకేమీ వద్దు" అని స్టాంపు పేపరు మీద నా చేత సంతకం పెట్టించడానికి. కాబట్టి ఆ అడ్వాన్సులో ఉన్నది నా పొలమే అనుకో.

ట్రేడ్ లైసెన్సు, కరెంటు అకౌంటు, ముద్రా లోను, తర్వాత వచ్చిన ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషను, అన్నీ నా పేరు మీదే. ఆడవాళ్ల పేరు మీదుంటే లోను తొందరగా వస్తుందని ఎవరో చెప్పారు మా ఆయనకు. "ప్రొప్రైటర్" అని, అంటే వ్యాపారానికి యజమాని అని, కింద రాసి, పైన నా పేరుతో ఒక రబ్బరు స్టాంపు కూడా చేయించారు. అది మా ఆయన స్కూటీ డిక్కీలో ఉండేది. నాలుగేళ్లలో దాన్ని నేను చేత్తో పట్టుకున్నది రెండుసార్లో మూడుసార్లో.

మా ఆయన చెడ్డవాడు కాదు, ముందే చెప్తున్నా. తాగుడు లేదు, పేకాట లేదు. ఓనరుతో మాట్లాడటం, బాడుగలు వసూలు చెయ్యడం, ప్లంబరును పిలవడం ఆయన పని. పొద్దున నాలుగున్నరకు లేచి 58 మందికి ఇడ్లీ పిండి చూసుకోవడం, రాత్రి పదిన్నరకు గేటు తాళం వేయడం నా పని. వచ్చిన పిల్లలందరికీ ఆయన "ఓనరంకుల్", నేను "వంటాంటీ".

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చే రెండు రోజుల ముందు ఆయన ఏదో పెళ్లికని ఊరెళ్లి అక్కడే ఇరుక్కుపోయారు. పీజీలో పిల్లలు సర్దుకుని వెళ్లిపోయారు, దారి దొరకని తొమ్మిది మంది నా దగ్గరే మిగిలారు. సరుకులు అయిపోతే అంగడికెళ్లాను. చాక్‌పీసుతో నేల మీద గీసిన డబ్బాల్లో ఒక్కొక్కరం ఒక్కో దాంట్లో నిలబడ్డాం. నా వంతు వచ్చింది. బియ్యం రెండు మూటలు, కందిపప్పు, నూనె. డబ్బులు నా అకౌంటులోనే ఉన్నాయి. కానీ అకౌంటుకు ముడేసిన నంబరు ఆయనది, ఓటీపీ పోయేది ఆయన ఫోనుకు. కాల్ చేస్తే "మీరు ప్రయత్నిస్తున్న వ్యక్తి" అని ఆ అమ్మాయి గొంతు. మా అత్తగారి ఊళ్లో మిద్దె ఎక్కితే తప్ప సిగ్నల్ దొరకదు. వెనకాల లైను, ఎదురుగా అంగడాయన. "పరవాగిల్ల, నాళె కొడి" అన్నాడు. రేపు ఇమ్మని. ఆయన మంచివాడు కాబట్టి ఆ తొమ్మిది మందికి ఆ రాత్రి అన్నం దొరికింది.

ఆ నెల్లోనే ఓనరు బాడుగకు వచ్చాడు. మా ఆయన వాళ్ల ఊళ్లో ఉన్నారంటే "మరి ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు. నాతోనే అన్నాను. నాకొచ్చిన అరకొర కన్నడంలో ఖాళీ రూములన్నీ తిప్పి చూపించి, నాలుగు నెలలు సగం బాడుగ అని ఒప్పించాను. మా ఆయన ఉండి ఉంటే పూర్తిగా కట్టేవారని నా అనుమానం. ఓనరు ముందు ఆయనకు నోరు పెగలదు.

లాక్‌డౌన్ సడలించిన వారానికే బ్యాంకుకు వెళ్లాను, నంబరు మార్పించుకోవడానికి. ఏ బ్యాంకో చెప్పను. కౌంటరులో అబ్బాయి ఫారం చూసి, నన్ను చూసి, "సార్ బందిల్వా మేడమ్?" అన్నాడు. సార్ రాలేదా అని. సార్ ఎందుకు రావాలి? ఫారం మీద పేరు నాది, ఆధార్ నాది, సంతకం నాది. డిక్కీలోంచి తీసుకెళ్లిన స్టాంపు బయటకు తీసి ఆ ఫారం మీదే గట్టిగా కొట్టాను. అవసరం లేదు దానికి, ఊరికే కొట్టాను. మూడు రోజుల్లో నంబరు మారింది. మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "ట్యాంకరు వాడికి వెయ్యి కొట్టు" అని ఆయనే అడిగారు.

1978లో బయోకాన్ కంపెనీ పెట్టినప్పుడు కిరణ్ మజుందార్ షాకు అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడాయని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. నా సంగతి దానికి పూర్తిగా ఉల్టా. నాకు అప్పు పిలిచి మరీ ఇచ్చారు. డబ్బు చూసుకోవడానికి మాత్రం "సార్" రావాలి.

ఇక నీకు పనికొచ్చే ముక్క. నంబరు మారాక లెక్కలన్నీ నా కళ్లముందుకు వచ్చాయి. పీజీ మళ్లీ నిండాక ఒక లాంగ్ నోట్‌బుక్ కొని అన్నీ రాయడం మొదలుపెట్టాను: బిల్డింగు బాడుగ, కూరగాయలు, గ్యాస్ బండలు, కరెంటు, ట్యాంకర్లు, హెల్పర్ల జీతాలు. నెలకు సగటున 38,000 మిగులుతోంది. మా ఆయన చెప్పే లెక్కా అంతే, అబద్ధం లేదు. ఒకరోజు మా చెల్లెలి కూతురు, ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంది, ఆ బుక్కు తిరగేసి "పెద్దమ్మా, నీ జీతం ఎక్కడ?" అంది. నవ్వాను. తర్వాత కూర్చుని రాశాను. 2018లో మా వంట మాస్టరు మానేసినప్పటి నుంచి ఆ పని నాదే. ఆయనలాంటి మాస్టరును పెట్టుకోవాలంటే 22,000. వార్డెనుకు తక్కువలో తక్కువ 12,000. మొత్తం 34,000. 38లోంచి 34 తీసేస్తే నాలుగు వేలు.

అంటే ఇన్నేళ్లుగా లాభం అని మేం అనుకున్నది నా కూలి. మా ఆయన ఆ పేజీని చాలాసేపు చూశారు. "ఇట్లా అయితే ఎవరింట్లోనైనా లాభమే ఉండదు కదా" అన్నారు. అదే నేనూ అన్నాను.

ప్రొప్రైటర్ తనకు తానే జీతం రాసుకుంటే ఇన్‌కం టాక్సు వాళ్లు దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు, ఆ బుక్కు మన కళ్లు తెరుచుకోవడానికే. ఇద్దరి డబ్బూ పెడుతున్నారు కాబట్టి మీరు పార్ట్‌నర్‌షిప్ డీడ్ (భాగస్వామ్య ఒప్పంద పత్రం) గురించి ఆలోచించండి. అందులో పనిచేసే భాగస్వామికి నెలకింత అని రాసుకోవచ్చు. అది టాక్సులోనూ, పరిమితి మేరకు, చెల్లుతుంది. మాకు ఆ రోజుల్లో ఇది చెప్పినవాళ్లు లేరు.

ప్రొప్రైటర్‌షిప్పే అనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకో: అందులో వ్యాపారానికీ మనిషికీ మధ్య గోడ లేదు. వ్యాపారం అప్పు నీ అప్పే, నోటీసూ నీకే. 2023 జూలైలో కర్ణాటకలో పీజీలకు 12 శాతం జీఎస్టీ అని రూలింగ్ వచ్చినప్పుడు నిద్ర పట్టనిది నాకు, మా ఆయనకు కాదు. మరుసటేడు మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, వరుసగా 90 రోజులైనా ఉంటే జీఎస్టీ వద్దన్నారు, ఊపిరి పీల్చుకున్నాం. 2024లోనే కోరమంగల పీజీలో ఒక అమ్మాయిని చంపేశాక, అప్పటి బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) కొత్త నిబంధనలు పెట్టింది: మనిషికి 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీళ్లు, గుమ్మాల దగ్గర సీసీ కెమెరాలు. తనిఖీకొచ్చినవాళ్లు చూసేది లైసెన్సు మీద పేరే. మేం రెండు రూముల్లో ఒక్కో బెడ్డు తీసేయాల్సి వచ్చింది. ఆ నిర్ణయం నేనే తీసుకున్నాను, ఆదాయం తగ్గుతుందని మా ఆయన గొణిగినా.

ఇంకోటి, రిసెప్షన్ టేబులు మీద స్కానరు. చిన్న స్టిక్కరే అనుకుంటాం. పిల్లలు బాడుగ కొట్టగానే "టింగ్" మనేది ఎవరి ఫోను? మా పీజీలో అది నా నడుముకు దోపుకున్న ఫోనులో మోగడం మొదలైన నెల నుంచి, పిల్లలు గీజరు పాడైందని, నీళ్లు రావట్లేదని నాకే చెప్పడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పింది లేదు. హెల్పర్లు సెలవు అడిగేదీ నన్నే.

బంగారం పెడుతున్నావా? తాకట్టు రసీదు నీ పేరున ఉండేట్టు చూసుకో. రసీదు ఆయన పేరు మీదుంటే విడిపించేటప్పుడూ ఆయనే కావాలి. ఆధార్ అడ్రసు ఇంకా మన వైపుదే ఉంటే బెంగళూరుకు మార్చుకో. వ్యాపారం సంగతి అలా ఉంచి, ఇక్కడి శక్తి పథకంలో కర్ణాటక అడ్రసున్న ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది 2023 జూన్‌లో. మదనపల్లె అడ్రసుతో నేను మార్కెట్‌కు ఇంకో ఏడాది టికెట్టు కొంటూనే తిరిగాను. పక్క సీటులో మా హెల్పరు, హాసన్ అమ్మాయి, ఫ్రీ టికెట్టు చూపించి నవ్వేది.

ఇప్పుడు ప్రతి నెలా ఐదో తారీఖున పీజీ అకౌంటు నుంచి నా సేవింగ్స్ ఖాతాకు 20,000 పోతాయి. 34 కాదు, 20. రాజీ పడ్డాను, దాచేదేముంది. బెడ్లు ఖాళీ పడ్డ నెల్లో మా ఆయన ఇప్పటికీ అంటారు, "ఈ నెల నువ్వు తీసుకోకుంటే ఏమవుతుంది?" అని.

"మాస్టరును పెట్టుకుని, ఆయన్ను అడుగు ఆ మాట" అంటాను.