పాపకి సూది గుచ్చితే నొప్పి తెలుస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాప 30 వారాలకే పుట్టేసింది, ఇప్పుడు ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉంది. మడమ దగ్గర సూదితో గుచ్చి రోజూ రక్తం తీస్తున్నారు. ఒక్కోసారి ఏడుస్తుంది, ఒక్కోసారి అసలు కదలను కూడా కదలదు. మా పెద్దవాళ్ళేమో అంత చిన్నదానికి ఏం తెలుస్తుంది, మెదడే ఇంకా తయారవలేదుగా అంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. ముట్టుకోవాలన్నా భయమే, నా చెయ్యి తగిలినా నొప్పేస్తుందేమో అని. – ఒక తల్లి

జవాబు: మీ పాప మెదడు దాకా ఆ సూది నొప్పి వెళ్తుందమ్మా. పెద్దవాళ్ళని తప్పు పట్టకండి, ఎందుకంటే 1980ల దాకా చాలామంది డాక్టర్లు కూడా అదే నమ్మేవాళ్ళు, నెలలు నిండని పిల్లలకి కదలకుండా మందు ఇచ్చి, మత్తు మాత్రం అంతంతమాత్రంగా ఇచ్చి ఆపరేషన్లు చేసేసిన రోజులున్నాయి, తలుచుకుంటే ఇప్పటికీ మనసు మెలిపెట్టినట్టు ఉంటుంది. 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టర్, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి ఆపరేషన్ టైంలో సరిగ్గా నొప్పి మందు ఇచ్చిన పిల్లల్లో స్ట్రెస్ హార్మోన్లు అంతగా పెరగట్లేదనీ, తర్వాత ఇబ్బందులు కూడా తగ్గుతున్నాయనీ చూపించాకే పద్ధతులు మారడం మొదలైంది.

ఇక మెదడు తయారవలేదు అనే మాట. సగం నిజం అది. మన తలమీద హెయిర్‌బ్యాండ్ పెట్టుకుంటే ఎక్కడ ఉంటుందో సుమారు అక్కడే, లోపల మెదడు పైపొరలో ఒక పట్టీ ఉంటుంది, దాన్నే సొమాటోసెన్సరీ కార్టెక్స్ అంటారు. ఒళ్ళంతటికీ మ్యాప్ అది, కుడిచేతి స్పర్శ ఎడమవైపు పట్టీకి, ఎడమచేతిది కుడివైపుకి పోతుంది. 1937లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ అనే మెదడు ఆపరేషన్ల డాక్టర్లు ఈ మ్యాప్ గీసి చూపించారు, మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడుని సన్నని కరెంటుతో తాకుతూ ఎక్కడ తెలుస్తోంది అని అడిగి అడిగి. పెదాలకీ వేళ్ళకీ బోలెడంత చోటు ఉంటుంది, వీపు అంత పెద్దది కదా, దానికి మాత్రం కొంచెమే.

ఈ మ్యాప్ పుట్టేసరికి రెడీగా ఉండదు. థాలమస్ అని మెదడు మధ్యలో ఒక జంక్షన్ లాంటిది ఉంది, ఒంటి నుంచి వచ్చే కబుర్లు అక్కడ ఆగి పైకి పోతాయి, అక్కడి తీగలు కార్టెక్స్‌లోకి చేరడం గర్భం సుమారు 24 వారాల దగ్గర మొదలవుతుంది. అంటే మీ పాపకి దారి పడింది. ఇంకా ముచ్చటైన సంగతేంటంటే నెలలు నిండని పిల్లలు నిద్రలో చెయ్యో కాలో టక్కున అదిలిస్తారు చూడండి, అప్పుడు మెదడులో సరిగ్గా ఆ చేతికో కాలికో సంబంధించిన చోట కరెంటు అల లేస్తుంది. పాప తన ఒంటిని తనే మెదడుకి పరిచయం చేసుకుంటోందన్నమాట, నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

మరి ఏది కాలేదు అంటే, విడదీసి గుర్తుపట్టడం. 35 వారాలకన్నా ముందు మెత్తగా తట్టినా సూది గుచ్చినా మెదడులో చాలావరకు ఒకేలాంటి పెద్ద అల వస్తుంది, 35 నుంచి 37 వారాల మధ్య ఇది వేరు అది వేరు అని విడిగా కనబడడం మొదలవుతుంది. దీన్నిబట్టి నొప్పి లేదనుకోకూడదు. అలాగే కదలకుండా ఉందంటే తెలియలేదని కూడా అనుకోవద్దు, ముఖంలో ఏ మార్పూ లేకపోయినా మెదడులో మాత్రం స్పందన వచ్చిన పిల్లల్ని రికార్డు చేశారు.

ముట్టుకోవడానికి భయపడకండమ్మా, నర్సుని అడిగి ముట్టుకోండి. పాప పరిస్థితి ఒప్పుకుంటే గుండెలమీద ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకోండి, గుచ్చేటప్పుడు అలా ఉంటే నొప్పి గుర్తులు తగ్గుతాయి. పాలు తాగగలిగే దశకి వస్తే పాలు పడుతుండగా గుచ్చమని అడగొచ్చు, అడగడం మీ హక్కే. చర్మంలో నెమ్మదిగా నిమిరితే మాత్రమే బాగా మేలుకునే సన్న నరాలున్నాయి, సెకనుకి 3 సెంటీమీటర్ల వేగంతో నిమిరి ఆ తర్వాత గుచ్చితే పసిపిల్లల మెదడులో నొప్పి స్పందన తగ్గిందని 2018లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు చూపించారు. తల్లులు చూసుకోకుండానే నిమిరే వేగం దాదాపు అదే. ఒక్క జాగ్రత్త, బాగా నెలలు తక్కువ పిల్లల చర్మం చాలా పల్చన, వాళ్ళకి నిమరడం కంటే చెయ్యి కదపకుండా తలమీద, పాదాల దగ్గర ఆనించి ఉంచడమే హాయి, మీ పాపకి ఏది నప్పుతుందో అక్కడున్నవాళ్ళు చెప్తారు.

ప్రశ్న: దెబ్బ తగలగానే ఆ చోట రుద్దుకుంటే ఎందుకు తగ్గినట్టు ఉంటుంది? ఊరికే మన భ్రమా?

జవాబు: భ్రమేం కాదు. స్పర్శ నరాలు లావువి, సెకనుకి 35 నుంచి 75 మీటర్లు పరిగెడతాయి, మందంగా సలిపే నొప్పిని మోసే సన్న నరాలు సెకనుకి ఒకటి రెండు మీటర్లే. మీరు రుద్దినప్పుడు ఆ లావు నరాల కబురు వెన్నుపాములో నొప్పి కబురుకి అడ్డం పడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు దీన్ని గేటు అన్నారు, వాళ్ళు గీసిన వివరాలన్నీ నిలబడలేదు గానీ అసలు మాట నిలబడింది.

ప్రశ్న: మా నాన్నగారికి యాక్సిడెంట్‌లో చెయ్యి తీసేశారు. లేని వేళ్ళు బిగుసుకుపోయి మండుతున్నాయి అంటారు. మానసికం అనుకోవాలా?

జవాబు: దయచేసి ఆయనతో ఆ మాట అనకండి. చెయ్యి పోయింది గానీ మెదడులో ఆ చేతి చోటు పోలేదు. లేని వేళ్ళు కదపమంటే ఏళ్ళ తర్వాత కూడా మెదడులో ఆ చోటు పనిచేస్తూ కనబడుతుంది. పైగా తెగిన నరాల చివర్ల నుంచి కూడా తప్పుడు కబుర్లు వస్తుంటాయి. ఆయనది నిజమైన నొప్పే. 1990లలో వి.ఎస్. రామచంద్రన్ అనే మెదడు శాస్త్రవేత్త అద్దం పద్ధతి తెచ్చారు, ఉన్న చేతిని అద్దంలో చూస్తూ కదిపితే లేని చెయ్యి కదిలినట్టు అనిపించి కొందరికి ఆ బిగుతు వదులుతుంది, అందరికీ కాదు. ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టించండి, నరాల నొప్పికి వేరే మందులున్నాయి, మామూలు నొప్పి బిళ్ళలు వీటికి పెద్దగా పనిచేయవు, న్యూరాలజిస్టుకో పెయిన్ క్లినిక్‌లోనో ఒకసారి చూపించండి.