గేమ్ ప్యాకుల కోసం నాలుగు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. వయసు 31. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం, చేతికి 34,000 వస్తుంది. ఇంట్లో అమ్మానాన్న, భార్య, రెండేళ్ల పాప. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 21,000. పోస్టాఫీసులో నెలకు 2,000 చొప్పున 22 నెలలుగా ఆర్‌డీ కడుతున్నాను. బ్యాంకులో 6,000 ఉంది. కంప్యూటర్ గేమ్‌లు తప్ప నాకు వేరే అలవాటు లేదు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, యూరోపా యూనివర్సలిస్ 4 లాంటి వాటికి డీఎల్‌సీ ప్యాకులు (ఆటకు అదనంగా విడిగా అమ్మే భాగాలు) ఒక్కోటీ 400కో 700కో కొంటూ పోయాను. క్రెడిట్ కార్డు బాకీ 86,000కు చేరింది. నెలనెలా మినిమమ్ డ్యూ 4,300 కడుతున్నాను. ఒక లోన్ యాప్ లక్ష రూపాయలు ఇస్తానంటోంది. నెలకు 5,905 చొప్పున 24 వాయిదాలు, ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం. దాంతో కార్డు తీర్చేసి, మిగిలే పదివేలతో వింటర్ సేల్‌లో మిగతా ప్యాకులన్నీ కొనేస్తే ఇక కొనడానికేమీ ఉండదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 2,000 సిప్ కూడా మొదలుపెడదామనుకుంటున్నాను. ఇది మంచి ఆలోచనేనా?

జవాబు: కాదు. ఆ యాప్ అప్పు తీసుకోవద్దు. మీరు ఆడే ఆటలతో నాకు పేచీ లేదు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పసిబిడ్డ ఉన్న ఇంట్లో చేతిలో 6,000 మాత్రమే ఉండటం, అది మీ ఉత్తరంలో సమస్యగా కనిపించకపోవడం నన్ను కలవరపెడుతున్నాయి. అప్పు తీర్చడానికి మరో అప్పు, దానిలోంచే కొంత మళ్లీ ఖర్చుకు అనే పద్ధతి చాలామంది ఉద్యోగుల్లో కనిపిస్తోంది. అందుకే మీ లెక్కను అందరి ముందూ విప్పి చెబుతున్నాను.

ముందు కార్డు సంగతి చూద్దాం. సాధారణంగా కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే నూటికి మూడున్నర రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడితే నాలుగు రూపాయలు దాటుతుంది. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అడిగితే మీరు ఆ గడప తొక్కరు. కార్డుకు మాత్రం కడుతున్నారు. మీ 86,000 మీద నెలకు వడ్డీ 3,010, జీఎస్టీ 542, మొత్తం 3,552. మీరు కడుతున్న 4,300లో అసలుకు పోయేది 748 రూపాయలే. ఇక ఒక్క రూపాయి కూడా వాడకుండా ఇలాగే కడుతూ పోతే బాకీ తీరడానికి 43 నెలలు పైన పడుతుంది, కట్టేది సుమారు 1,86,000. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. సేల్‌లో సగం ధరకు కొన్న ప్యాక్ కూడా ఏడాది పాటు ఆ బాకీలో కూర్చుంటే, తగ్గించిన దాంట్లో చాలా భాగం బ్యాంకే తీసుకుంటుంది.

ఇక యాప్. 5,905 చొప్పున 24 నెలలంటే 1,41,720. ఫీజు 3,000, దాని మీద జీఎస్టీ 540 ముందే కోసుకుంటే మీ ఖాతాలో పడేది 96,460. అంటే నెలకు మూడు రూపాయల వడ్డీ, ఫీజు అదనం. కార్డు కంటే కాస్త తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మీ నెలవారీ చెల్లింపు 4,300 నుంచి 5,905కు పెరుగుతుంది, నిల్వ 6,000 దగ్గరే ఉంటుంది, కార్డు లిమిట్ మొత్తం మళ్లీ వాడకానికి తెరుచుకుంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆర్నెల్లలో నాన్నగారికి ఒంట్లో బాగోలేకపోతే గీకేది ఆ కార్డే. అప్పుడు రెండు అప్పులు నెత్తిన పడతాయి. ఒకవేళ యాప్‌లో ఇప్పటికే ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేసి ఉంటే, అప్పు షరతులు రాసి ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే అప్పు వద్దని వెనక్కి తగ్గే గడువు ఎంతో చూడండి. ఆ గడువులోగా అసలు, డబ్బు మీ దగ్గరున్న రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ఆ పత్రం ఇవ్వని యాప్, ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగే యాప్ ఏదైనా సరే వెంటనే తీసేయండి.

‘మిగతావన్నీ కొనేస్తే ఇక కొనాల్సినవి ఉండవు’ అన్నారు. ఈ మాట నమ్మే మీరు ఇంతదాకా వచ్చారు. 2006లో ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే ఆటగాళ్లు గొడవ చేశారు. ఇప్పుడు అదే మామూలైపోయింది. సిమ్స్ 4 అసలు ఆటను 2022 అక్టోబరు నుంచి ఉచితంగా ఇస్తున్నారు, దాని ప్యాకులన్నీ పూర్తి ధరకు కొంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. యూరోపా యూనివర్సలిస్ 4 వచ్చింది 2013లో. పన్నెండేళ్లు ప్యాకులు అమ్మి, 2025 నవంబరులో ఐదో భాగం విడుదల చేశారు. నాలుగో భాగానికి కొన్న ప్యాకులు ఐదోదానిలో పనిచేయవు. సెట్ ఎప్పటికీ పూర్తికాకుండా ఉంటేనే వాళ్ల వ్యాపారం నడుస్తుంది. ఇప్పటికే ఇంత పెట్టాను కదా అని మిగతాది కొనడానికి అర్థం లేదు. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మీరు కొన్నది లైసెన్సు, అంటే ఆడుకునే అనుమతి మాత్రమే. ఖాతాను వేరొకరికి అమ్మడం, మార్చడం నిబంధనలకు విరుద్ధం. భార్య నగలు ఆపదలో తాకట్టుకు పనికొస్తాయి. ఈ ప్యాకులు పనికిరావు.

ఆట మానమని చెప్పను. ఖర్చు తగ్గించే దారులు ఉన్నాయి. యూరోపా యూనివర్సలిస్ 4కు నెలవారీ చందా ఉంది. సెలవులు దొరికిన నెలలో చందా కట్టి అన్ని విస్తరణలతో ఆడుకుని, ఆ నెలాఖరులోనే రద్దు చేయండి. కట్టగానే రద్దు చేసినా గడువు దాకా ఆడవచ్చు, కాబట్టి మర్చిపోతానేమోనన్న భయం లేదు. ఇదే ఆటను నలుగురు స్నేహితులు కలిసి ఆడితే, ఆట నడిపేవారి దగ్గర ప్యాకులు ఉంటే చాలు, మిగతావాళ్లకూ అవి పనిచేస్తాయి. కొత్త ప్యాకుతో పాటు వచ్చే ఉచిత అప్‌డేట్‌లోనే కొంత కొత్తదనం దొరుకుతుంది. సేల్ దాటిపోతుందన్న ఆరాటం వద్దు. స్టీమ్‌లో ఏడాదికి నాలుగు పెద్ద సేల్‌లు వస్తాయి, పాత ప్యాకుల ధర తరచూ తగ్గుతుంది. ఈమధ్య కొన్న ప్యాక్‌కు 14 రోజులు నిండకపోతే, అది కొన్నాక అసలు ఆటను రెండు గంటల లోపే ఆడి ఉంటే, దాన్ని వాడేసి ఉండకపోతే రిఫండ్ అడగండి. డబ్బు స్టీమ్ వ్యాలెట్‌కు వేయాలా, కార్డుకు వెనక్కి పంపాలా అని అడుగుతుంది. కార్డునే ఎంచుకోండి. వ్యాలెట్‌లో పడితే అది మళ్లీ ప్యాకుగానే మారుతుంది.

ఈ రాత్రే చేయాల్సినవి మూడున్నాయి. స్టీమ్ అకౌంట్ వివరాల్లో పర్చేజ్ హిస్టరీ తెరిచి, ఏడాది మొత్తాన్ని కాగితం మీద కూడి, ఆ కాగితాన్ని మీ భార్యకు చూపించండి. అదే పేజీలో సేవ్ అయి ఉన్న కార్డును తీసేయండి. తర్వాత బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకు ఆన్‌లైన్, అంతర్జాతీయ లావాదేవీలు రెండూ ఆపేయండి. మీరు మళ్లీ తెరిచేదాకా అవి మూసే ఉంటాయి.

బాకీ తీర్చే దారి మీ దగ్గరే ఉంది, మీరు గమనించలేదు. పోస్టాఫీసు ఆర్‌డీలో 12 వాయిదాలు కట్టి ఏడాది దాటితే, నిల్వలో సగం వరకు అప్పు ఇస్తారు. వడ్డీ ఆర్‌డీ వడ్డీ కంటే 2 శాతం ఎక్కువ. 6.7 శాతం ఆర్‌డీకి 8.7 శాతం అన్నమాట, అదీ సంవత్సరానికి. మీరు కట్టిన 44,000 మీద 22,000 తీసుకుని నేరుగా కార్డుకు కట్టండి. ఆ 22,000కు కార్డులో నెలకు 909 రూపాయలు పోతోంది, ఇక్కడ 160 అవుతుంది. ఆర్‌డీని మధ్యలో మూసేద్దామనుకుంటే మూడేళ్లు నిండాలి, మూసినా సేవింగ్స్ వడ్డీయే ఇస్తారు. కాబట్టి దాన్ని కొనసాగించండి.

మిగిలే 64,000ను ఈఎంఐగా మార్చమని కార్డు ఇచ్చిన బ్యాంకును అడగండి. 16 శాతానికి 18 నెలలైతే నెలకు 4,023, వడ్డీ భాగం మీద జీఎస్టీ అదనం, 4,200 అనుకోండి. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీరిస్తే పడే రుసుము అడిగి రాసుకోండి. కొన్ని బ్యాంకులు పాత బాకీని మార్చవు. అప్పుడు జీతం పడే బ్యాంకులో సరిగ్గా 64,000కే పర్సనల్ లోన్ అడగండి. లక్ష ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం, అత్యవసర నిధి. మీ ఊరు బట్టే చెబుతున్నాను. రాయగడలో పెద్ద జబ్బు చేస్తే కొందరు కోరాపుట్ మెడికల్ కాలేజీకి వెళ్తారు. చాలామంది పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ చేరతారు. అర్ధరాత్రి కారు అద్దె, ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ దగ్గర అడ్వాన్సు, తోడు వెళ్లినవాళ్ల తిండి, బస. ఇవన్నీ బీమా ఆమోదం రాకముందే చేతిలోంచి పోతాయి. 6,000 కారుకే సరిపోదు. ఆ పూట మీకు గుర్తొచ్చేది ఏ యాప్ అవుతుందో ఆలోచించండి.

మీకు కావాల్సింది ఆరు నెలల ఇంటి ఖర్చు 1,26,000, ఆసుపత్రి అడ్వాన్సుకు 25,000, కలిపి లక్షన్నర. మీ లెక్క ఇలా కుదురుతుంది: జీతంలో ఇంటి ఖర్చు, ఆర్‌డీ పోగా 11,000 మిగులుతుంది. అందులో కార్డు ఈఎంఐకి 4,200, ఆర్‌డీ అప్పు రెండేళ్లలో తీరేలా 1,000, బీమాకు 1,000, అత్యవసర నిధికి 4,300, ఆటలకు 500. 18 నెలలకు కార్డు తీరేసరికి ఉన్న 6,000తో కలిపి 83,400 చేరుతుంది. ఆ తర్వాత కార్డు ఈఎంఐ డబ్బు కూడా ఇటే మళ్లిస్తే నెలకు 8,500 చొప్పున ఇంకో ఎనిమిది నెలలు చాలు. ఏదైనా నెలలో డబ్బుకు కటకట అయితే ముందు ఆటల 500 ఆపండి. నిధికి వేసే 4,300 మాత్రం ముట్టుకోవద్దు.

ఈ డబ్బు జీతం ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో భార్యతో కలిపి జాయింట్ ఖాతా తెరిచి, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పెట్టించండి. మంచాన పడింది మీరే అయితే ఆమె ఒంటరిగా డబ్బు తీయగలగాలి. డెబిట్ కార్డు, పిన్ ఆమె దగ్గర ఉండనివ్వండి. ఆ ఖాతాను మీ ఫోన్ యూపీఐకి, స్టీమ్‌కు కలపవద్దు. మొదటి 25,000 సేవింగ్స్‌లోనే ఉంచి, ఆపైన చేరేదాన్ని పదేసి వేల చిన్న ఎఫ్‌డీలుగా వేయండి. అవసరమైతే ఒకటి విరిచినా మిగతావి చెదరవు.

బీమా కోసం పెట్టిన 1,000లో ముందు మీ పేరున టర్మ్ పాలసీ. ఫ్యాక్టరీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో, విశాఖలో ఏ ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ ఉందో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. అమ్మానాన్నల పేర్లు ఆహార భద్రత రేషన్ కార్డులో ఉంటే ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఆయుష్మాన్ గోపబంధు కార్డు తీయించండి. సిప్ ఇప్పుడు వద్దు, నిధి నిండాక చూద్దాం. నాలుగు రూపాయల వడ్డీ కడుతూ ఫండ్‌లో లాభం వెతకడం దండగ.

పోస్టాఫీసుకు ఆర్‌డీ పాస్‌బుక్, ఆధార్, పాన్ తీసుకుని ఈ వారంలోనే వెళ్లండి. కార్డు స్టేట్‌మెంట్ తేదీకి ముందే ఆ 22,000 కట్టేస్తే వచ్చే నెల వడ్డీ ఆ మేరకు తగ్గుతుంది.