తెల్ల లాల్చీ మీద రెండు ఎరుపులు

ప్రశ్న: సద్దుల బతుకమ్మ మరునాడు ఇంట్లో పేరుకుపోయిన బట్టలన్నీ ఒకేసారి వాషింగ్ మెషిన్‌లో వేశాను. అందులో పండుగకు కొన్న ఎర్ర కాటన్ లంగా, మా వారి తెల్ల లాల్చీ, పాప బడి చొక్కాలు, తువ్వాలలు ఉన్నాయి. తీసి చూస్తే తెల్లవన్నీ లేత గులాబీ రంగుకు తిరిగాయి. లాల్చీ భుజం మీద మాత్రం ఇటుక రంగు మరకలు విడిగా కనిపిస్తున్నాయి, సబ్బు పెట్టి రుద్దిన కొద్దీ అవి ఇంకా ఎర్రబడుతున్నాయి. ఉప్పు నీళ్లలో నానబెడితే అంతా పోతుందని పక్కింటి వదిన అంటున్నారు. నిజమేనా? ఇకమీదట బట్టలను ఎలా వేరు చేసుకోవాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ లాల్చీ మీద ఉన్నవి రెండు వేర్వేరు ఎరుపులు. ఒళ్లంతా పాకిన గులాబీ రంగు లంగాది. భుజం మీది ఇటుక రంగు, నా అంచనాలో, గౌరమ్మ పసుపుది. హారతి ఇచ్చేటప్పుడు పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేయగానే అవి ఎర్రనీళ్లుగా మారడం మీరు చూసే ఉంటారు. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సున్నం లాగే సబ్బూ, సబ్బు పొడీ క్షార గుణం కలవి కనుక మీరు రుద్దిన కొద్దీ మరక ఎర్రబడుతూ వచ్చింది. అనుమానం తీరాలంటే బట్టను సబ్బు పోయేలా బాగా జాడించి, మరక మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. తిరిగి పసుపుపచ్చగా మారితే అది పసుపే. పసుపు ఎండకు నిలవదు. తడి లాల్చీని మరక పైకి కనిపించేలా రెండు మూడు రోజులు ఎండలో ఆరేస్తే, రుద్దినా పోనిది తనంతట తానే చాలావరకు వెలిసిపోతుంది.

గులాబీ రంగు సంగతి వేరు, లాల్చీని ఎండకు వేసే ముందే దాని పని చూసుకోవాలి. అది పూర్తిగా ఆరకముందే, ముఖ్యంగా ఇస్త్రీ పెట్టకముందే, ఆ తెల్లబట్టలను మళ్లీ ఉతకాలి. మరకలు తీయడానికి అమ్మే ఆక్సిజన్ రకం పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి, పొట్లం మీద రాసినంత సేపు నానబెట్టి ఉతికితే కాటన్ చొక్కాలు తేరుకునే అవకాశం ఎక్కువ. క్లోరిన్ బ్లీచ్ తెల్ల కాటన్‌కు పనికొస్తుంది కానీ పట్టును, ఉన్నిని పాడు చేస్తుంది. దానిని వెనిగర్‌తో గానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి, విషవాయువు వెలువడుతుంది. ఇక వదినగారి ఉప్పు విషయం: అద్దకం తొట్టిలో రంగు నూలుకు పట్టడానికి ఉప్పు వాడే మాట నిజమే, కానీ అద్దకం పూర్తయి ఇంటికొచ్చిన బట్టలో రంగును ఉప్పు కట్టిపడేయదు, అంటిన రంగును ఊడదీయనూ లేదు.

వేరు చేయడం గురించి. తెలుపు ఒక పక్కన, రంగులు ఒక పక్కన అన్నది అందరికీ తెలిసిందే. పొరపాటు సాధారణంగా కొత్త బట్ట దగ్గర జరుగుతుంది. ముదురు ఎరుపు, నీలిమందు నీలం, నలుపు రంగుల కొత్త బట్టలను, అవి ఎంత ఖరీదైనవైనా సరే, మొదటి రెండు మూడు సార్లు ఒంటరిగానే ఉతకాలి. లోపలి మడతను తడిపి, తెల్ల దస్తీతో అదిమి పట్టుకొని చూడండి. దస్తీకి రంగు అంటితే ఆ బట్ట ఇంకా గుంపులో కలవడానికి సిద్ధంగా లేదన్న మాట. పాతకాలంలో రజకులు తెల్లబట్టలను చవుటిమన్ను నీళ్లలో తడిపి బానలో ఉడకబెట్టేవారు, రంగు బట్టను ఆ బాన దరిదాపులకు రానిచ్చేవారు కాదు. మెషిన్ వచ్చాక మనకు పోయింది ఆ పట్టింపే.

రంగు తరువాత చూడవలసింది బరువు. జీన్స్ ప్యాంటు, దుప్పటి, పలుచని జాకెట్టు ఒకే విడతలో వేస్తే జిప్పు పళ్లు పలుచని బట్టను పీకుతాయి, నీళ్లు పిండే సమయంలో బరువంతా ఒక పక్కకు చేరి మెషిన్ ఊగిపోతుంది. తువ్వాలల నూగు నల్ల బట్టల మీద చేరితే దులపడం మీ వల్ల కాదు, కాబట్టి అవి వేరు.

ప్రశ్న: మా ఆయన పత్తి చేనుకు మందు కొట్టి వచ్చిన బట్టలను మిగతా వాటితో కలిపి పిండవచ్చా? ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు.
— ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: కలపకూడదు, నానబెట్టే బకెట్టులో కూడా. పురుగుమందు ఒక బట్ట నుంచి మరొక బట్టకు నీళ్ల ద్వారా చేరుతుంది, బాబు చర్మం పెద్దవారి చర్మం కంటే సున్నితమైనది. మందు కొట్టిన అంగీ, లుంగీ, తలకు చుట్టిన తువ్వాల ఇంట్లోకి తేకుండా బయటే విప్పించి విడిగా ఉంచి, రబ్బరు తొడుగులు వేసుకొని అదే రోజు ఉతకండి. రేపటికి వాయిదా వేస్తే మందు నూలులోకి ఇంకి వదలడం కష్టమవుతుంది. ముందు ఒకసారి వట్టి నీళ్లలో జాడించి, తరువాత వేడి నీళ్లు, ఎక్కువ సబ్బు పొడి వాడి, వీలైతే రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. మెషిన్‌లో వేసి ఉంటే, తరువాత సబ్బు నీళ్లతో ఖాళీగా ఒకసారి తిప్పాకే ఇతర బట్టలు వేయండి. ఆ నీళ్లను బావి గట్టున గానీ, పశువులు తాగే తొట్టి దగ్గర గానీ పారబోయకండి. నీళ్లు కలపని చిక్కటి మందు ఒలికి తడిసిన బట్టను ఉతకడానికి ప్రయత్నించవద్దు, దాన్ని ఇక వాడకుండా పారేయడమే మంచిది.

ఇదే సందర్భంలో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే వారి ఇళ్లకూ ఒక మాట: మిర్చి ఘాటు వట్టి నీళ్లకు కరగదు, సబ్బుకే వదులుతుంది. కనుక ఆ అంగీలను పిల్లల బనీన్లతో పాటు ఒకే టబ్బులో నానబెడితే, పిల్లవాడు ఎందుకు ఏడుస్తున్నాడో ఆ సాయంత్రం ఎవరికీ అర్థం కాదు.

ప్రశ్న: వరంగల్ కొత్తవాడ జంపఖానాను దుప్పట్లతో కలిపి మెషిన్‌లో వేయవచ్చా?
— ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: వేయకండి. మందపు నూలు నేత కావడం వల్ల నీళ్లు పీల్చుకొని అది బాగా బరువెక్కుతుంది, ముదురు రంగుల పట్టీల రంగు దుప్పట్లకు అంటే అవకాశమూ ఉంది. దుమ్ము దులిపి, నేల మీద పరచి, చల్లని నీళ్లు, తక్కువ సబ్బుతో మెత్తని బ్రష్‌తో రుద్ది, మెలిపెట్టి పిండకుండా గోడ మీద వేసి నీళ్లు కారనిచ్చి, నీడపట్టున ఆరేయండి.